బీజీ-3 పేరుతో వస్తున్న పత్తి విత్తనం: పేటెంటు ఎవరిది, నష్టం ఎవరిది?

మెట్టరైతు (దర్శి):

సభ్యులందరికీ నమస్కారం. తొలకరి దగ్గర పడుతోంది కనుక ఈ సందేహాన్ని ఇప్పుడే మీ ముందు పెడుతున్నాను. మా మండలంలోనూ, అటు త్రిపురాంతకం, యర్రగొండపాలెం వైపునా గడ్డిమందు కొట్టినా చావని పత్తి విత్తనాన్ని రైతులు కొందరు కలిసి గుట్టుగా తెప్పించుకుంటున్నారు. దాన్ని అందరూ బీజీ-3 అంటున్నారు. సంచి మీద కంపెనీ పేరు ఉండదు, ఉన్నా అది నిజమైనదని నమ్మకం లేదు. లాటు నంబరు, గడువు తేదీ, బిల్లు అసలే ఉండవు. అయినా కలుపు కూలి భరించలేని రైతుకు అది ఆశ పుట్టిస్తోంది.

నేను తెలుసుకోదలచినవి రెండు. ఇలాంటి విత్తనం వేసిన రైతు మీద దాని పేటెంటు ఉన్న విదేశీ కంపెనీ కేసు పెట్టగలదా? అమెరికాలో, కెనడాలో రైతులను కోర్టుకు ఈడ్చారని చదివాను. ఇక రెండవది, నేను వేయకపోయినా పక్క చేలోని పుప్పొడి గాలికో తేనెటీగల వల్లనో నా చేలోకి వచ్చి, నా గింజలోనూ ఆ జన్యువు దొరికితే నా పరిస్థితి ఏమిటి?

కోర్టువీధి (ఒంగోలు):

మీరు విన్న రెండు కేసులూ నిజమైనవే గాని, వాటిని చెప్పుకునేటప్పుడు అసలు సంగతి కొంత పక్కకు పోతోంది. కెనడా కేసు ఆవజాతి నూనెగింజ పంటకు సంబంధించినది. ఆ రైతు తన పొలంలో గడ్డిమందును తట్టుకుని బతికిన మొక్కల గింజను విడిగా దాచి, మరుసటి ఏడాది ఎక్కువ విస్తీర్ణంలో వేశాడు. 2004లో అక్కడి సుప్రీంకోర్టు ఐదుగురు ఒకవైపు, నలుగురు మరొకవైపు నిలిచిన తీర్పులో పేటెంటు చెల్లుతుందనీ, దాన్ని ఆ రైతు ఉల్లంఘించాడనీ చెప్పింది. అయితే ఆ విత్తనం వల్ల అతనికి అదనపు లాభమేమీ రాలేదు కనుక కంపెనీకి చెల్లించవలసింది ఏమీ లేదని కూడా చెప్పింది. గాలికి వచ్చి పడిన గింజకే శిక్ష వేశారన్న ప్రచారం సరైనది కాదు; తెలిసి ఏరి దాచి విత్తడమే అక్కడ తప్పయింది. 2013 నాటి అమెరికా కేసులో సోయా రైతు ధాన్యం గోదాములో తిండిగింజగా అమ్మే సరుకు కొని విత్తనంగా వాడాడు. న్యాయమూర్తులందరూ ఏకగ్రీవంగా కంపెనీ పక్షమే తీర్పు చెప్పగా, అతని మీద పడిన పరిహారం 84 వేల డాలర్లు దాటింది.

మన దేశంలో పరిస్థితి వేరు. పేటెంట్ల చట్టం 3(జె) సెక్షన్ మొక్కలకు, విత్తనాలకు, వంగడాలకు పేటెంటు ఇవ్వకూడదని స్పష్టంగా చెబుతోంది. 2001లో వచ్చిన మొక్కల వంగడాల, రైతు హక్కుల పరిరక్షణ చట్టం 39వ సెక్షన్, రిజిస్టరైన వంగడమైనా సరే దాని గింజను రైతు దాచుకోవచ్చు, మళ్లీ విత్తుకోవచ్చు, ఇచ్చిపుచ్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు అంటోంది. బ్రాండు పేరు వేసి ప్యాకెట్టు కట్టి అమ్మకూడదన్నది ఒక్కటే షరతు. హక్కు ఉందని తెలియక వాడిన రైతును దోషిగా చూడరాదని 42వ సెక్షన్ చెబుతోంది.

అయితే మీరు చెప్పిన లూజు విత్తనానికి రావలసిన చిక్కు పేటెంటు వైపు నుంచి కాదు. ఆ గుణానికి మన దేశంలో సాగు అనుమతే లేదు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో వచ్చిన నిబంధనల ప్రకారం కేంద్రంలోని జీఈఏసీ (జన్యుమార్పిడిని మదింపు చేసే సంఘం) అనుమతి లేని జన్యుమార్పిడి విత్తనాన్ని తయారు చేయడం, అమ్మడం, వాడడం అన్నీ నిషిద్ధమే. అంటే వచ్చేది కంపెనీ నోటీసు కాదు, వ్యవసాయ శాఖ తనిఖీ. పక్క చేను నుంచి వచ్చిన పుప్పొడి సంగతికి వస్తే, మీరు కావాలని చేయని దానికి మిమ్మల్ని పట్టుకునే వీలు మన చట్టంలో నాకు కనిపించడం లేదు.

విత్తనాల కొట్టు (పొదిలి):

వకీలు గారు చట్టం చెప్పారు, నేను ధర చెబుతాను. 2005 నాటికి 450 గ్రాముల బీటీ పత్తి (కాయతొలిచే పురుగును చంపే బాక్టీరియా జన్యువు ఎక్కించినది) ప్యాకెట్టు 1,600 రూపాయల పైచిలుకు పలికింది. అందులో జన్యువు మీద రాయల్టీగా పోయేదే 1,250 రూపాయలని అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాలను విచారించే ఎంఆర్టీపీ కమిషన్ ముందు ఫిర్యాదు చేసింది. 2006లో కమిషన్ ఆదేశం, ఆ వెంటనే రాష్ట్రం నిర్ణయించిన 750 రూపాయల ధర మా కొట్ల ముందు వరస కట్టిన రైతులకు నిజంగానే ఊరట. తరువాత కేంద్రం ధరల నియంత్రణను తన చేతిలోకి తీసుకుంది. 2016లో రెండు జన్యువుల ప్యాకెట్టు 800 రూపాయలు, అందులో రాయల్టీ 49. 2018లో ప్యాకెట్టు 740, రాయల్టీ 39. 2019లో రాయల్టీ 20. 2020 నుంచి సున్న.

ఇంతవరకు అందరికీ సంతోషమే. కాని ఇదే 2016లో గడ్డిమందును తట్టుకునే పత్తి కోసం పెట్టుకున్న దరఖాస్తును, ఆ రాయల్టీ తీసుకునే మోన్‌శాంటో కంపెనీ తన భారత భాగస్వామి మహికో ద్వారా వెనక్కు తీసుకుంది. ఆ తరువాత మన పత్తిలోకి అనుమతితో వచ్చిన కొత్త గుణం లేదు. సక్రమంగా రానిది దొడ్డిదారిన వచ్చింది. ఇప్పుడు నేను లైసెన్సు కట్టి, పన్ను కట్టి అమ్మే ప్యాకెట్టును కాదని, ఎవరో రాత్రిపూట మోటారు సైకిలు మీద తెచ్చే సంచిని రైతు కొంటున్నాడు. రాయల్టీని సున్న చేసిన వారు దీనికీ జవాబు చెప్పాలి కదా?

పెన్నాతీరం (కోవూరు):

కొట్టు యజమాని గారి వాదనలో సగం ఒప్పుకుంటాను. రాయల్టీ తగ్గడం ఒక్కటే ఆ కంపెనీ వెనక్కు తగ్గడానికి కారణమని నేను అనుకోను. తన జన్యువును స్థానిక కంపెనీలతో పంచుకోవాలని ప్రభుత్వం పెట్టదలచిన షరతు కూడా వారికి నచ్చలేదు. అది ఎలా ఉన్నా, ఈ చర్చలో ఎవరూ ముట్టని విషయం ఒకటి ఉంది.

నేను నెల్లూరు డెల్టా వరి రైతును. మొదటి కారుకు వేసిన నెల్లూరు మసూరి గింజనో, బాపట్లలో పుట్టిన సాంబ మసూరి గింజనో ఎండబోసి దాచి మళ్లీ నారు పోసుకుంటాం. పొరుగువాడికి కావాలంటే పుట్టి లెక్కన కొలిచి ఇస్తాం. వరి తనలో తానే ఫలదీకరణ చెందుతుంది, మేము వేసేవి హైబ్రిడ్లు కాని సూటి రకాలు, కనుక 39వ సెక్షన్ ఇచ్చిన హక్కు మా గాదెలో కనిపిస్తుంది. పత్తి రైతుకు ఆ హక్కు కాగితం మీదే మిగిలింది. కారణం పేటెంటు కాదు. మన దేశంలో బీటీ జన్యువును దాదాపుగా హైబ్రిడ్లలోనే పెట్టి అమ్మారు. హైబ్రిడ్ గింజను దాచి వేస్తే రెండో తరంలో మొక్కలు ఒక తీరుగా రావు, కాపు పడిపోతుంది. కనుక ఏటా కొనక తప్పదు. చైనాలో 1997 నుంచి బీటీ పత్తిని సూటి రకాలలో ఇచ్చారు. అక్కడి రైతులు గింజ దాచుకున్నారు, ధర కూడా తక్కువే. కోర్టులో వాదించి తెరిపించగల తాళం పేటెంటు అయితే, హైబ్రిడ్ అనేది తాళంచెవే లేని తాళం.

ఇంకో మాట. భారతదేశంలో మొదటి బీటీ జన్యువుకు, అంటే 2002 మార్చిలో అనుమతి పొందిన క్రై1ఏసీ గుణానికి, అసలు పేటెంటే లేదు. పేటెంటు ఉన్నది 2006లో వచ్చిన రెండో దానికి మాత్రమే. అయినా మొదటి దానికి కూడా రాయల్టీ వసూలైంది. ఒప్పంద పత్రాల బలంతో, విత్తన కంపెనీల మీదుగా, రైతుకు తెలియకుండా.

కోర్టువీధి (ఒంగోలు):

పెన్నాతీరం గారు చెప్పిన రెండో జన్యువు పేటెంటు కథ కూడా తెలిస్తే మంచిది. మన దేశంలో ఒక విత్తన కంపెనీకి, పేటెంటుదారుకు మధ్య రాయల్టీ తగాదా వచ్చి ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది. 2018 ఏప్రిల్‌లో ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం 3(జె) సెక్షన్ చూపి ఆ పేటెంటు చెల్లదంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు, ఇంత సాంకేతికమైన విషయాన్ని సాక్ష్యం లేకుండా తేల్చరాదంటూ ఆ తీర్పును రద్దు చేసి కేసును మళ్లీ ఏకసభ్య న్యాయమూర్తి వద్దకు పంపింది. ఆ ఏడాది నవంబరుకు పేటెంటు గడువు తీరింది. 2021లో ఇరుపక్షాలూ రాజీపడ్డాయి. అంటే విత్తనంలోకి ఎక్కించిన జన్యువు మీద పేటెంటు విత్తనానికి కూడా పాకుతుందా అన్న అసలు ప్రశ్నకు మన దేశంలో తుది జవాబు రాలేదు. రేపు మరో పంట విషయంలో ఇదే ప్రశ్న మొదటి నుంచి మొదలవుతుంది.

చట్టం మనవైపు ఉన్నంత మాత్రాన రైతును భయపెట్టరని కూడా అనుకోవద్దు. 2019లో గుజరాత్‌లో చిప్స్ కోసం వాడే ఒక ఆలుగడ్డ రకాన్ని పండించినందుకు పెప్సీ కంపెనీ చిన్న రైతుల మీద తలా కోటి రూపాయలకు పైగా దావా వేసింది. దేశమంతా గగ్గోలు పుట్టాక మే నెలలో ఉపసంహరించుకుంది. ఆ రకం రిజిస్ట్రేషన్‌ను 2021లో రద్దు చేశారు, 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం మళ్లీ నిలబెట్టింది. అది జన్యుమార్పిడి పంట కూడా కాదు. దావా గెలవనక్కరలేదు, నోటీసు వస్తే చాలు, రెండెకరాల రైతుకు నిద్ర ఉండదు.

టీచరమ్మ (కనిగిరి):

చట్టం గురించి పెద్దలు చెప్పారు కనుక నేను చేలో జరిగేది చెబుతాను. మా పుట్టింటి వారిది యర్రగొండపాలెం వైపు పత్తి సేద్యం. మా తండ్రిగారి తరం వారు 1980ల చివర తెల్లదోమ దెబ్బకు గుంటూరు, ప్రకాశం పత్తి రైతులు పురుగుమందుల డబ్బాలతోనే ప్రాణాలు తీసుకోవడం చూసినవారు. బీటీ వచ్చిన కొత్తలో శనగపచ్చ పురుగు మందు తగ్గి వారు ఎంత ఊపిరి పీల్చుకున్నారో నాకు తెలుసు. కాబట్టి ఈ విత్తనాన్ని మొత్తంగా దుష్టమైనదని నేను అనను.

తరువాత జరిగింది వేరు. ఇప్పుడు దసరా దాటాక చేలోకి వెళ్లి రేకులు విచ్చుకోకుండా ముడుచుకున్న గుడ్డిపూలను వెతకాలి. పైకి బాగా కనిపించే పచ్చి కాయను గోటితో చీల్చి చూస్తే, లోపల తొనల మధ్య గులాబీ రంగు పురుగు గింజను తొలిచేసి, దూది పసుపు తిరిగి, గారగా మారి ఉంటుంది. కాయకు బయట కనిపించేది సూదిమొన అంత రంధ్రం. ఆ పత్తికి వ్యాపారి కోసే తరుగు ఎంతో రైతుకే తెలుసు. ఇదే ప్యాకెట్టు మీద పురుగు నుంచి రక్షణ అని రాసి ఉంటుంది. ఆ రక్షణకే ఏళ్ల తరబడి రాయల్టీ వసూలు చేశారు. రక్షణ పోయాక ఆ డబ్బు తిరిగి ఇచ్చినవారు ఎవరూ లేరు.

గడ్డిమందు పత్తి విషయంలో మరో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడడం లేదు. మా వైపు పత్తి సాళ్ల మధ్య కంది వేస్తాం. గట్ల మీద గోంగూర, చిక్కుడు, అలసంద ఉంటాయి. గడ్డిమందు కొడితే పత్తి ఒక్కటే నిలుస్తుంది, మిగిలినవన్నీ మాడిపోతాయి. పత్తి పోయిన ఏడు ఇంటికి తిండి పెట్టేది ఆ కందే. కలుపు తీసే కూలి మిగిలిందని మగవారు లెక్క వేస్తారు గాని, ఆ కూలి మీదే బతికే ఆడవారి లెక్క వేరుగా ఉంటుంది.

నల్లరేగడి (లాం):

నేను వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పరిశోధన విద్యార్థిని, ఊరు మార్కాపురం దగ్గర. టీచరమ్మ గారు చెప్పిన గులాబీ రంగు పురుగు గురించి రెండు మాటలు. మొదటి జన్యువును ఆ పురుగు తట్టుకుంటోందని 2010లోనే గుజరాత్ నాలుగు జిల్లాల నుంచి కంపెనీయే ప్రకటించింది. కొన్ని ఏళ్లలో రెండు జన్యువుల పత్తికీ అదే గతి పట్టింది. అమెరికాలో మాత్రం అదే బీటీ పత్తిని వాడుతూ, దానితోపాటు సంతానశక్తి లేని మగ రెక్కల పురుగులను వదలడం వంటి పద్ధతులు కలిపి, 2018 నాటికి గులాబీ రంగు పురుగును తమ పత్తి ప్రాంతాల నుంచి నిర్మూలించామని ప్రకటించుకున్నారు.

ఈ తేడా ఎందుకు వచ్చింది? ప్యాకెట్టు విప్పితే లోపల 120 గ్రాముల చిన్న పొట్లం ఉండేది, బీటీ లేని విత్తనం. దాన్ని చేను చుట్టూ వేస్తే బీటీ తినని పురుగులు కొన్ని మిగిలి, బీటీని తట్టుకున్న పురుగులతో కలిసి, ఆ తట్టుకునే గుణం పలచబడుతుంది. మన రైతులు చాలామంది ఆ పొట్లాన్ని గట్టు మీద పారేశారు. ఐదెకరాల లోపు వాడికి చుట్టూ వరసలు పురుగుకు వదలమని చెబితే ఎలా వదులుతాడు? చెప్పినవారు కూడా లేరు. ఇది రైతు తప్పు మాత్రమే అనడం అన్యాయం. పెద్ద కమతాల దేశం కోసం తయారైన పద్ధతిని చిన్న కమతాల దేశానికి తెచ్చి, అమలు భారం మాత్రం రైతు మీద వేశారు. దానికి తోడు జనవరి, ఫిబ్రవరి దాకా చేలో నిలిచే దీర్ఘకాలిక హైబ్రిడ్లు పురుగుకు నిరంతర విందు అయ్యాయి.

మెట్టరైతు గారి ప్రశ్నకు సంబంధించి: సంచిలో వస్తున్న బీజీ-3 చాలావరకు రెండో తరం గింజ కలిసిన మిశ్రమం అయ్యే అవకాశం ఉంది. అలాంటప్పుడు గడ్డిమందు కొట్టినప్పుడు కొన్ని మొక్కలు నిలుస్తాయి, కొన్ని చస్తాయి. అసలు గుణం ఉందో లేదో తెలుసుకోవడానికి రైతు చేయగలిగిన పరీక్ష మందు కొట్టి చూడడమే. అప్పటికి అదను దాటిపోతుంది.

బీటీ పత్తితో చేదు అనుభవం మరో పేద దేశానికీ ఉంది. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసోలో 2008లో బీటీ పత్తి సాగు మొదలైంది. పురుగు తగ్గింది, కాని తమ స్థానిక రకాలలోకి ఆ జన్యువు ఎక్కించాక దూది పింజ పొడుగు తగ్గి అంతర్జాతీయ మార్కెట్లో ధర పడింది. 2016 నాటికి అక్కడి పత్తి సంస్థలు దాన్ని మానేశాయి.

విత్తనాల కొట్టు (పొదిలి):

అన్నీ బాగున్నాయి గాని, అన్నిటికీ కంపెనీనే నిందిస్తే ప్రభుత్వ సంస్థలు ఏం చేశాయో కూడా చెప్పుకోవాలి. నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ, ధార్వాడ విశ్వవిద్యాలయం కలిసి 2008లో బికనేరీ నర్మ అనే బీటీ సూటి రకాన్ని విడుదల చేశాయి. రైతు గింజ దాచుకోవచ్చు, ధర నామమాత్రం. ఏడాది తిరిగేసరికి దాన్ని ఆపేశారు. అందులో ఉన్నది తమ సొంత జన్యువు కాదనీ, కంపెనీ జన్యువేననీ తరువాత విచారణ సంఘం తేల్చింది. పెన్నాతీరం గారు అడిగిన చైనా పద్ధతికి మన దేశంలో జరిగిన ప్రయత్నం అలా ముగిసింది.

పెన్నాతీరం (కోవూరు):

ఆ ఉదంతం సిగ్గుపడవలసినదే, కాదనను. అయితే పొరుగున బంగ్లాదేశ్ ఏం చేసిందో చూడండి. మన దగ్గర 2009లో జీఈఏసీ ఆమోదించిన బీటీ వంకాయను 2010 ఫిబ్రవరిలో కేంద్రమంత్రి జైరాం రమేశ్ నిలిపివేశారు. అదే జన్యువును బంగ్లాదేశ్ ప్రభుత్వ పరిశోధన సంస్థ రాయల్టీ లేకుండా తీసుకుని, తమ స్థానిక సూటి రకాలలోకి ఎక్కించి 2014లో రైతులకు ఇచ్చింది. మన వంకాయ వైవిధ్యం దృష్ట్యా ఆ నిలుపుదల సరైనదే అని నా అభిప్రాయం, ఇతరులు ఒప్పుకోకపోవచ్చు. నేను చెప్పదలచింది వేరు. ఒకే జన్యువు ఒక దేశంలో ఏటా కొనవలసిన సరుకుగా, మరొక దేశంలో దాచుకోగల గింజగా రావచ్చు. దాన్ని నిర్ణయించేది శాస్త్రం కాదు, ఒప్పందం.

ఇది ఇప్పుడు వరి గడప దాకా వచ్చింది. 2025 మేలో కేంద్రం రెండు జన్యు సవరణ వరి రకాలను ప్రకటించింది. ఒకటి మన సాంబ మసూరి నుంచి వచ్చిన కమల, రెండోది కాటన్‌దొర సన్నాల నుంచి వచ్చిన పూసా డీఎస్టీ. రెండిటి మూలమూ మన రాష్ట్రపు వంగడాలే. వీటిలో బయటి జన్యువు లేదు కనుక 2022లో ఇచ్చిన మినహాయింపు కింద పాత నిబంధనలలో చాలా భాగం వీటికి వర్తించవు. నాకు వీటి మీద వ్యతిరేకత లేదు. సుమారు 20 రోజులు ముందే కోతకు వస్తుందంటున్న కమల నిజంగా అలాగే పండితే, సోమశిల నీరు చాలని ఎడగారు (రెండో కారు) పంటకు అది వరమే. అయితే సవరణకు వాడే క్రిస్పర్ పద్ధతి మీద పేటెంట్లు అమెరికా విశ్వవిద్యాలయాల, విత్తన కంపెనీల చేతిలో ఉన్నాయి. పరిశోధనకు వాడుకోవడం వేరు, రైతుకు అమ్మడం వేరు. ఆ లైసెన్సు షరతులు ఏమిటో విత్తనం మా ఊళ్లకు రాకముందే బహిరంగంగా చెప్పాలి. బంగారు బియ్యం (విటమిన్ ఎ కోసం జన్యుమార్పిడి చేసిన వరి) విషయంలో ఏడాదికి 10 వేల డాలర్ల లోపు ఆదాయం ఉన్న రైతుకు రాయల్టీ ఉండదని, గింజ దాచుకోవచ్చని ముందే రాసుకున్నారు. మనకూ అలా రాతపూర్వకంగా ఉండాలి.

ఒంగోలు జాతి గిత్తలను బ్రెజిల్ తీసుకుపోయి నెలోర్ పేరుతో అక్కడి మాంసం పరిశ్రమకు వెన్నెముకగా చేసుకున్న జిల్లాల వాళ్లం మనం. అప్పుడు అడగడానికి చట్టం లేదు. 2002 నుంచి జీవవైవిధ్య చట్టం ఉంది.

మెట్టరైతు (దర్శి):

అందరికీ కృతజ్ఞతలు. లూజు సంచి జోలికి నేను పోవడం లేదు. టీచరమ్మ గారు చెప్పిన కంది సంగతి మా ఇంట్లో వారికి కూడా తెలిసినదే. కాని కోర్టువీధి గారిని ఇంకొకటి అడగాలి. కంపెనీ ప్యాకెట్టే కొని, అది చెప్పినట్టు కాయకపోతే రైతుకు దారి ఉందా? ఉంటే ఎంతమంది దాన్ని వాడుకున్నారు?

కోర్టువీధి (ఒంగోలు):

దారులు ఉన్నాయి. రైతు హక్కుల చట్టం 39(2) ప్రకారం, రిజిస్టరైన వంగడం ఏ పరిస్థితులలో ఎంత దిగుబడి ఇస్తుందో దాన్ని రూపొందించినవారు చెప్పాలి. అలా పండకపోతే ఆ చట్టం కింద ఏర్పడిన ప్రాధికార సంస్థ ముందు రైతు పరిహారం కోరవచ్చు. దీన్ని వాడుకున్న రైతులు చాలా తక్కువ. వాడుకలో ఉన్న దారి వినియోగదారుల కమిషన్. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని 2012లో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ వివాదం మన ఉమ్మడి రాష్ట్ర రైతులదే.

అయితే ఏ దారిలో వెళ్లినా మొదట అడిగేది బిల్లు, లాటు నంబరు, ఖాళీ ప్యాకెట్టు, వీలైతే కాసిని మిగిలిన గింజలు. నా దగ్గరకు వచ్చే రైతులలో చాలామంది చేతిలో చిత్తు కాగితం మీద రాసిన అప్పు లెక్క తప్ప ఏమీ ఉండదు. నోటితో చేసుకున్న కౌలు అయితే మరీ కష్టం, ఎందుకంటే ఆ చేలో ఆ పంట తనదేనని కూడా నిరూపించుకోవాలి.

టీచరమ్మ (కనిగిరి):

అక్కడే అసలు చిక్కు ఉంది. విత్తనం, ఎరువు, మందు అన్నీ అరువు మీద ఇచ్చి, పత్తి అమ్మాక వడ్డీతో తీసుకునే కొట్టు దగ్గర రైతు బిల్లు ఎలా అడుగుతాడు? అడిగితే మరుసటి ఏడాది అరువు పుట్టదేమోనన్న భయం. పొదిలి కొట్టు యజమాని గారు దీనికి జవాబు చెబితే బాగుంటుంది.

విత్తనాల కొట్టు (పొదిలి):

నేను ఇస్తాను, కాని అందరూ ఇవ్వరు. కొందరు రైతులే, పన్ను కలుస్తుందేమోనని బిల్లు వద్దంటారు. విత్తనాలకు ఆ భయం అక్కరలేదు, వాటి మీద జీఎస్టీ లేదు.

కోర్టువీధి (ఒంగోలు):

ఇష్టాయిష్టాలతో పని లేదు. 1983 విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం కొన్న ప్రతివారికీ డీలరు నగదు బిల్లు గాని, అరువు బిల్లు గాని ఇచ్చి తీరాలి. అరువు మీద కొన్నవారికి కూడా అది హక్కే. ఇవ్వని కొట్టు లైసెన్సు మీద మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. కౌలు రైతులు బిల్లు తమ పేరునే రాయించుకోండి, భూమి యజమాని పేరున కాదు.